జీతం ఎవరి చేతికి చేరుతోంది? క్లీనింగ్ కంపెనీలో వెట్టిని పట్టుకునే దారి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. మీది సుమారు 180 మంది పనిచేసే క్లీనింగ్ కంపెనీ. ఆఫీసులు, రెండు ఆసుపత్రులు, ఒక గోదాము మీ చేతిలో ఉన్నాయి. పనివాళ్లలో అరవై మంది దాకా లేబర్ సప్లయర్ పంపినవాళ్లు. పెద్ద క్లయింటు ఒకరు కాంట్రాక్టు పొడిగించే ముందు ‘ఆధునిక బానిసత్వ నివారణ విధానం’ ఒకటి శుక్రవారంలోపు పంపమన్నారు. మీకు ఎక్కడో ఒక నమూనా దొరికింది. కంపెనీ పేరు మార్చి పంపేస్తే సరిపోతుందా, మా సప్లై చెయిన్ అంటే ఫినాయిలు, మాపులు, గ్లౌజులే కదా, అందులో బానిసలు ఎక్కడుంటారు అని అడిగారు.

సరిపోదు. పైగా ఆ నమూనా మిమ్మల్నే ఇరికిస్తుంది. ‘మా సరఫరాదారులందరినీ ఏటా తనిఖీ చేస్తాం’ అనే వాక్యం ఇలాంటి నమూనాల్లో మామూలుగా ఉంటుంది. మీరు ఇంతవరకు ఒక్కరినైనా తనిఖీ చేశారా? చెయ్యనిది చేస్తున్నామని సంతకం పెట్టి ఇచ్చే బదులు ‘ఇది చూశాం, ఇది ఇంకా చూడలేదు’ అని అరపేజీ రాసివ్వండి. ఆ అరపేజీ సంగతి చివర్లో చెప్తాను. ముందు చూడాల్సినవి చూడాలి కదా.

నేను ఈ రంగంలోకి నైట్ షిఫ్టు సూపర్‌వైజర్‌గా వచ్చాను. తర్వాత చాలా ఏళ్లు ఆపరేషన్స్ చూశాను. ఇప్పుడు క్లీనింగ్ కాంట్రాక్టర్ల దగ్గర పనివాళ్ల పరిస్థితులు పరిశీలించడమే నా పని. పాలసీ చదివి బానిసత్వాన్ని పట్టుకున్న మనిషి నాకింతవరకు తగల్లేదు. క్లయింటు కట్టిన బిల్లు దగ్గర బయల్దేరి, నేల తుడిచిన మనిషి చేతిదాకా ఆ డబ్బు వెంట నడవండి. ఎక్కడో ఒకచోట అది దారి తప్పుతుంది. దారి తప్పిన చోటే మీరు వెతికేది ఉంటుంది.

బానిసత్వం అనగానే సంకెళ్లు, కొరడాలు గుర్తొచ్చి ‘మా దగ్గర అలాంటిదేం లేదండీ’ అంటారు. మన భాషలో ఉన్న వెట్టి అనే మాట దీనికి ఎక్కువ దగ్గర. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒప్పందం కూడా దాదాపు అదే చెప్తుంది: ఏదో ఒక శిక్ష భయం పెట్టి, మనిషి తనంతట తాను ఒప్పుకోని పని చేయిస్తే అది నిర్బంధ చాకిరీ. శిక్ష అంటే దెబ్బలే కానక్కర్లేదు. ‘మానేస్తే రెండు నెలల జీతం రాదు’, ‘నీ కాగితాలు సరిగా లేవని చెప్పేస్తా’, ‘మీ ఇంటికి ఫోన్ చేస్తా’ అన్నవన్నీ శిక్షలే. ఆ సంస్థే 11 గుర్తులు చెప్పింది: మోసం, బెదిరింపు, ఒంటరిని చెయ్యడం, గుర్తింపు కాగితాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పులో బిగించడం, మితిమీరిన ఓవర్‌టైమ్ లాంటివి. అవి చదువుతూ మీ సైట్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకోండి. నేను మొదటిసారి చదివినప్పుడు మూడో గుర్తు దగ్గరే కాగితం పక్కన పెట్టాను.

2021 నాటి ప్రపంచ అంచనా ప్రకారం నిర్బంధ చాకిరీలో ఉన్నవాళ్లు 2 కోట్ల 76 లక్షల మంది. వాళ్లని కట్టిపడేసే పద్ధతుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది జీతాన్ని కావాలని ఆపి ఉంచడం. వేరే దేశం నుంచి వచ్చి పనిచేసేవాళ్లకి ఈ ముప్పు మిగతావాళ్లకన్నా మూడింతలకు పైగా ఎక్కువ. వీటి మధ్యలో భారత సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన తీర్పు ఒకటి గుర్తు పెట్టుకోదగ్గది. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసు అది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం నిషేధించిన నిర్బంధ చాకిరీయే అని కోర్టు చెప్పింది. ఆకలి కూడా బలవంతమే అన్నమాట. చెడ్డ ఉద్యోగాలన్నీ బానిసత్వం కావు, నిజమే. కానీ రెండింటి మధ్యా గోడ ఉందనుకుంటే పొరపాటు. అది ఒక వాలు. జీతం ఒక వారం ఆలస్యమవడం ఆ వాలు పైకొస. ఏటీఎం కార్డు మేస్త్రీ జేబులో ఉండటం కింది కొస.

మన రంగానికే ఇది ఎందుకు ఎక్కువ అంటుకుంటుంది? అందరూ వెళ్లిపోయాక మనవాళ్లు వస్తారు, అందరూ వచ్చేలోపు వెళ్లిపోతారు. ఇద్దరు ఒక భవనంలో, ముగ్గురు ఇంకో భవనంలో చెల్లాచెదురుగా పనిచేస్తారు కాబట్టి ఒకరి జీతం సంగతి ఒకరికి తెలియదు. భాష రాకపోయినా పని దొరుకుతుంది, అదొక మేలు, అదే ఒక ఉచ్చు. క్లయింటు ఆఫీసులో నేల మెరవకపోతే అరగంటలో ఫోన్ వస్తుంది. మెరిపించే మనిషి మారిపోయినా, మాయమైపోయినా ఎవరూ అడగరు.

ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో మాంసం కర్మాగారాలను రాత్రిపూట కడిగే ప్యాకర్స్ శానిటేషన్ సర్వీసెస్ అనే పెద్ద సంస్థ మీద కార్మిక శాఖ 2022లో దర్యాప్తు మొదలుపెట్టింది. 8 రాష్ట్రాల్లోని 13 చోట్ల, 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 102 మంది ప్రమాదకరమైన పనుల్లో కనబడ్డారు. ఎముకలు కోసే రంపాలు కడుగుతున్నారు, ఘాటు రసాయనాలతో. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. అంత పెద్ద సంస్థకు పాలసీ లేక కాదు కదా. నైట్ షిఫ్టులో నిలబడి ముఖాలు చూసినవాళ్లు ఎవరు అన్నదే ప్రశ్న.

ఇక అసలు చోటికి వద్దాం. రేటు.

మీ టెండర్ రేటు షీటు తియ్యండి. గంటకు చట్టం చెప్పిన వేతనం 100 అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుంది. సెలవు రోజుల జీతం, జబ్బు చేసినప్పటి జీతం, సామాజిక భద్రతకు కట్టాల్సినవి, బీమా, యూనిఫాం, రసాయనాలు, యంత్రాల అరుగుదల, సూపర్‌వైజర్ ఖర్చు, ఆఫీసు ఖర్చు అన్నీ వేస్తే ఆ 100 ఎక్కడికి చేరుతుందో మీ దేశపు నియమాలతో మీరే వేసుకోండి. 135 అని తేలిందనుకోండి. మీ పోటీదారు 112కి కోట్ చేశాడు, మీరు కాంట్రాక్టు పోతుందని 114కి దిగారు. ఆ తేడా 21 గాలిలోంచి రాదు. ఎవరో ఒకరు కడతారు. మీరు లాభం వదులుకుని కట్టరు, క్లయింటు కట్టడు. ఇంక మిగిలింది చీపురు పట్టుకున్న మనిషే. మీరు ఆ పనిని 105కి సప్లయర్‌కి ఇచ్చి ‘మీ మనుషుల్ని మీరే చూసుకోండి’ అన్నారంటే, ఆ ముక్కని మీరు కొయ్యలేదు గానీ కత్తి ఇచ్చింది మాత్రం మీరే.

గంటల్లో జరిగే దొంగతనం ఇంకా సన్నగా ఉంటుంది. ఒకసారి ఒక ఆఫీసు అంతస్తు శుభ్రానికి కాంట్రాక్టులో 4 గంటలు రాసి ఉంది. పనివాళ్లు ఎప్పుడూ ‘అయిపోదు సార్’ అంటుంటే నాకు బద్ధకం అనిపించేది. ఒక శనివారం నేనే యాప్రాన్ కట్టుకుని దిగాను. చెత్తబుట్టలు, బల్లలు, అద్దాలు, ఆరు టాయిలెట్లు, వంటగది మూల, వాక్యూమ్, తడి మాప్. టాయిలెట్లు ముగిసేసరికే 2 గంటల 20 నిమిషాలు. మొత్తం ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. అంటే నాలుగు గంటల జీతానికి ఆరు గంటల పని, రోజూ, ఏడాదిన్నరగా, నా సంతకంతోనే. రోస్టర్ (డ్యూటీల పట్టిక) మీద ఎక్కడా తప్పు లేదు, లోపలికి వచ్చిన టైమూ, వెళ్లిన టైమూ సూపర్‌వైజరే రాస్తాడు కాబట్టి. మీరూ ఒక సైట్ ఎంచుకుని స్వయంగా చేసి చూడండి, నడుము నొప్పి రెండు రోజుల్లో పోతుంది.

రేటు తర్వాత ఖాతాలు. ఇది నేను సిగ్గుపడుతూ చెప్పే కథ.

మా దగ్గర ఒక నైట్ సూపర్‌వైజర్ ఉండేవాడు. అతని సైట్లో గైర్హాజరు ఉండదు. ఎవరికైనా జ్వరం వస్తే గంటలో ఇంకొకరిని పంపేవాడు. ఫిర్యాదు లేదు, ఓవర్‌టైమ్ గొడవ లేదు. మీటింగుల్లో ‘అతన్ని చూసి నేర్చుకోండి’ అని నేనే మిగతావాళ్లతో అన్నాను. ఒకరోజు పేరోల్ చూసే అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, ‘సార్, ఏడుగురి జీతాలు ఒకే ఖాతాలో పడుతున్నాయి. సిస్టమ్ తప్పా?’ అని అడిగింది. ఆ ఏడుగురూ అతని సైటే. పిలిచి అడిగితే తడుముకోలేదు: ‘వాళ్లకి ఖాతాలు లేవు సార్. నేను డ్రా చేసి చేతికిస్తున్నా. ఉపకారం చేస్తున్నా.’

ఆ రాత్రి సైట్‌కి వెళ్లి వాళ్లలో ఒకామెను ‘నెలకి ఎంత వస్తోందమ్మా?’ అని అడిగాను. ఆమె నా వైపు చూడలేదు. నా వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ వైపు చూసింది. జవాబు నాకు అప్పుడే వచ్చేసింది. తర్వాత బయటపడింది ఇది: పని ఇప్పించినందుకు మూడు నెలల జీతం అతనికి బాకీ. ఉండటానికి అతని గదే, దానికి అద్దె. సైట్‌కి అతని వ్యానే, దానికి చార్జీ. మేం ఉచితంగా ఇచ్చిన యూనిఫాంకి కూడా డిపాజిట్. అన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో అతని చేతిరాతతో. ఒక పేజీలో మొదట్లో ఉన్న బాకీకన్నా ఎనిమిది నెలల తర్వాతి బాకీ ఎక్కువ ఉంది. ఆ ఎనిమిది నెలలూ ఆ మనిషి ఒక్కరోజు మానలేదు. మానలేని వాళ్ల హాజరు చూసి నేను క్రమశిక్షణ అనుకున్నాను.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు మొదటిదానికన్నా పెద్దది. కోపంలో ఆ రాత్రే అతన్ని తీసేశాను. తెల్లారేసరికి ఏడుగురిలో ఐదుగురు లేరు. గది అతనిది, వ్యాను అతనిది, ఇళ్లల్లోవాళ్ల ఫోన్ నంబర్లు అతని దగ్గర. నేను శిక్షించింది అతన్ని అనుకున్నాను గానీ దెబ్బ వాళ్లకి తగిలింది. మిగిలిన ఇద్దరికీ బాకీలు కట్టి వేరే బస చూపించాం. వెళ్లిపోయిన ఆ ఐదుగురూ ఏమయ్యారో ఈ రోజుకీ నాకు తెలియదు.

అందుకని, మీకు ఏదైనా కనబడితే వరుస తప్పొద్దు. నిందితుడిని నిలదియ్యడం చివర. ముందు ఆ మనిషికి ఈ రాత్రి పడుకోవడానికి చోటు ఉందా, ప్రాణభయం ఉందా చూడాలి. భయం ఉంటే వెంటనే పోలీసులే. లేకపోతే ఇలాంటి బాధితులతో పనిచేసే సంస్థల్ని సంప్రదించి, ఆ మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడిగి కదలాలి. అన్ని దేశాల్లోనూ అధికారులకి చెప్పడం అంటే కాపాడటం కాదు. వీసా కాగితాలు సరిగా లేనివాళ్లని బాధితులుగా కాక నేరస్తులుగా చూసే చోట్లూ ఉన్నాయి. పేరోల్ కాపీలు, రోస్టర్లు, మెసేజ్‌లు చెదరకుండా దాచండి. ఈ వరుసనంతా ఒక కాగితం మీద ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో పేర్లతో సహా. ఆ రాత్రి వచ్చాక ఆలోచించే తీరిక ఉండదు.

ఒకే ఖాతా సంగతి మా ఒక్కరి అనుభవం అనుకోకండి. ఇంగ్లండ్‌లో ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలోనూ, పెద్ద సూపర్‌మార్కెట్లకు రొట్టెలు పంపే ఒక కర్మాగారంలోనూ 16 మందితో ఒక ముఠా ఏళ్ల తరబడి పని చేయించిన వైనం 2024లో వార్తల్లోకి వచ్చింది. దుకాణంలో కనీసం నలుగురి జీతాలు ముఠా చేతిలోని ఒకే ఖాతాకి వెళ్లాయి. మొత్తం 2 లక్షల పౌండ్లకు పైనే. ఇంటర్వ్యూల్లో దుబాసీగా కూర్చుంది కూడా ముఠా మనిషే. పేరోల్ ఫైలు తెరిచి చూస్తే కనబడే విషయాలు ఇవి.

కాబట్టి మొదటి పని ఇది. పేరోల్ ఫైలుని పేర్ల వరుసలో కాకుండా బ్యాంకు ఖాతా నంబరు వరుసలో పెట్టండి. తర్వాత అదే జాబితాని చిరునామా వరుసలో, ఆ తర్వాత ఫోన్ నంబరు వరుసలో, అత్యవసరంలో ఫోన్ చెయ్యాల్సిన మనిషి పేరు వరుసలో. ఒకే ఖాతాకి రెండు పేర్లు ఉంటే భార్యాభర్తలు కావచ్చు, అడగండి. ఒకే ఇంట్లో తొమ్మిది మంది ఉంటే అద్దె పంచుకుంటున్న స్నేహితులు కావచ్చు, అదీ అడగండి. తొమ్మిది మందికీ అత్యవసర ఫోన్ ఒకే సూపర్‌వైజర్‌ది అయితే మాత్రం ఇంకేం అడగకుండా పైన చెప్పిన కాగితం బయటికి తియ్యండి. ఎవరు వరసగా పద్నాలుగు రోజులు సెలవు లేకుండా పనిచేశారో, ఎవరి పేరు ఒకే రాత్రి రెండు సైట్లలో ఉందో రోస్టర్ చెప్తుంది. లేబర్ సప్లయర్ పంపిన అరవై మంది సంగతి మీ పేరోల్‌లో ఉండదు, కాబట్టి అసలు చూడాల్సింది వాళ్ల పేరోల్. ‘అది మా కంపెనీ రహస్యం’ అన్నాడంటే అతనితో పని ఆపేయాలా వద్దా అన్న ప్రశ్నకు అతనే సగం జవాబు ఇచ్చాడు.

ఆ సప్లయర్‌తో ఒప్పందంలో నాలుగు మాటలు ఉండాలి. పని ఇప్పించినందుకు మనిషి దగ్గర ఒక్క పైసా తీసుకోకూడదు. ఆ ఖర్చు మీది. ప్రైవేటు ఉపాధి ఏజెన్సీల మీద 1997లో వచ్చిన 181వ అంతర్జాతీయ ఒప్పందం కూడా కార్మికుడి దగ్గర నేరుగా గానీ, చుట్టు తిప్పి గానీ రుసుము వసూలు చెయ్యకూడదనే అంటుంది. 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ ‘రుసుము, ఖర్చులు’ అంటే ఏమేమి వస్తాయో కూడా చెప్పింది: వైద్య పరీక్ష, వీసా, ప్రయాణం, శిక్షణ, బస. రెండోది, మీకు చెప్పకుండా ఆ పనిని ఇంకొకరికి అప్పజెప్పకూడదు. మూడో చెయ్యి, నాలుగో చెయ్యి మారాకే మన పని పాతాళంలోకి జారుతుంది. మూడోది, పేరోల్ చూసే హక్కు, ముందుగా చెప్పకుండా. నాలుగోది చాలామంది మర్చిపోతారు: అతని కమీషన్ ఎంతో విడిగా కనబడాలి. గంటకు మీరిచ్చే దానిలో కూలి ఎంత, అతనిది ఎంత అని రెండు గీతలుగా. కలిపేసి ఒకే అంకె ఇస్తే ఆ అంకెలోపల ఏం జరిగినా మీకు తెలియదు.

కాగితాల దగ్గర ఒక్క మాట. పాస్‌పోర్టులు, గుర్తింపు కార్డులు ‘జాగ్రత్త కోసం’ మీ ఆఫీసు బీరువాలో ఉన్నాయా? ఈ రోజే ఇచ్చెయ్యండి. కాపీ తీసుకుని అసలు వెనక్కి ఇవ్వడమే పద్ధతి. దాచుకోవడానికి చోటు లేదని వాళ్లే అంటే, వాళ్ల చేతిలో తాళం ఉండే లాకర్ ఇవ్వండి.

ఇక మనుషులతో మాట్లాడటం. ‘మిమ్మల్ని ఎవరైనా బలవంతపెడుతున్నారా?’ అని ఫారం పట్టుకుని అడిగితే నూటికి నూరుమందీ లేదనే చెప్తారు. నేను అడిగేవి వేరు. ఈ పని సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు? వచ్చేటప్పుడు ఎవరికైనా డబ్బు ఇచ్చారా, ఇంకా ఎంత బాకీ? జీతం పడిన రోజు ఏం చేస్తారు, కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? పోయిన నెల ఇంటికి ఎంత పంపారు? రేపటి నుంచి రానని చెప్తే ఏమవుతుంది? చివరి ప్రశ్నకి ‘ఏమవుతుంది, ఇంకోచోట చూసుకుంటా’ అని నవ్వే మనిషి పరిస్థితి వేరు, మాట ఆగిపోయే మనిషి పరిస్థితి వేరు. సూపర్‌వైజర్ వినబడే దూరంలో ఉండకూడదు. గుంపుగా కూర్చోబెట్టి అడగకూడదు. దుబాసీ అవసరమైతే బయటి మనిషే కావాలి. ‘వీడికి రెండు భాషలూ వచ్చు సార్’ అని వాళ్లలోంచే ఒకణ్ణి కూర్చోబెడితే దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే. ఒకరినే విడిగా పిలిస్తే ఆ ఒక్కరి మీదా అనుమానం పడుతుంది కాబట్టి వరసగా అందరినీ పిలవండి, అందరితోనూ అంతే సేపు మాట్లాడండి.

ఫిర్యాదు నంబరు ఉందా? ఉంటే ఒక పని చెయ్యండి. రాత్రి రెండు గంటలకి, మీ వాళ్లు నిజంగా పనిలో ఉండే వేళ, వేరే ఫోన్ నుంచి ఆ నంబరుకి కాల్ చెయ్యండి. నేను చూసిన ఒక కంపెనీలో లాకర్ తలుపు మీద అతికించిన ఆ నంబరుకి చేస్తే సైట్ మేనేజరే ఎత్తాడు. సగం ఫిర్యాదులు అతని మీదే. ఇంకో కంపెనీలో ‘ఆఫీసు వేళల్లో ప్రయత్నించండి’ అని మెషిన్ చెప్పింది, అదీ పనివాళ్లలో ఎవరికీ రాని భాషలో. చదవడం రానివాళ్లు ఉంటారు కాబట్టి వాట్సాప్‌లో వాయిస్ పంపే వీలు ఉండాలి. పేరు చెప్పకపోయినా వినాలి. ఫిర్యాదు చేసినవాళ్ల షిఫ్టు ఆ తర్వాతి మూడు నెలల్లో మారిందా, గంటలు తగ్గాయా అని మీరే చూడాలి. మొదటి ఏడాది ఫిర్యాదులు సున్నా అయితే సంతోషపడకండి.

ఇప్పుడు మీరు అడిగిన సబ్బులు, మాపులు, గ్లౌజులు. గ్లౌజుల దగ్గర ఆగాలి, ఎందుకంటే మన చేతికి నేరుగా తగిలేది అదే. మలేసియాలోని టాప్ గ్లోవ్, ప్రపంచంలోనే అతిపెద్ద రబ్బరు గ్లౌజుల తయారీదారు. నిర్బంధ చాకిరీ అనుమానంతో 2020 జులైలో అమెరికా కస్టమ్స్ ఆ కంపెనీ సరుకును ఆపడం మొదలుపెట్టింది. నేపాల్, బంగ్లాదేశ్ లాంటి చోట్ల నుంచి వచ్చిన కార్మికులు ఉద్యోగం కోసం ఏజెంట్లకు కట్టిన రుసుముల అప్పులే అక్కడ పెద్ద సమస్య. 2021 సెప్టెంబరులో ఆంక్ష ఎత్తేసేనాటికి ఆ కంపెనీ కార్మికులకు తిరిగి కట్టింది 3 కోట్ల డాలర్లకు పైనే. గమనించారా, మా సూపర్‌వైజర్ నోటు పుస్తకమూ ఇదీ ఒకటే లెక్క, సున్నాలే తేడా. ఆ గ్లౌజు తొడుక్కుని టాయిలెట్ కడిగే మనిషి, ఆ గ్లౌజు చేసిన మనిషి ఇద్దరూ ఒకే రకం అప్పులో ఉండొచ్చు.

యూనిఫాంలు, మాపు దారాల్లో పత్తి ఉంటుంది. చైనాలోని షింజియాంగ్ ప్రాంతం ప్రపంచ పత్తిలో సుమారు ఐదో వంతు పండిస్తుంది. అక్కడి సరుకంతా నిర్బంధ చాకిరీతో తయారైందనే అనుకుని, కాదని రుజువు చేస్తేనే లోపలికి రానిచ్చే చట్టం అమెరికాలో 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. లిక్విడ్ సోపులు, డిటర్జెంట్లలో నురగనిచ్చే పదార్థాలకి చాలాచోట్ల మూలం పామ్ గింజల నూనె. మలేసియాలోని రెండు పెద్ద పామాయిల్ కంపెనీల మీద కూడా 2020లో అమెరికా దిగుమతి ఆంక్షలు పెట్టింది. యంత్రాలు, బకెట్ల సంగతి ప్రస్తుతానికి వదిలెయ్యండి. అన్నీ ఒకేసారి తవ్వబోతే ఏదీ తవ్వలేరు.

చిన్న కంపెనీ వెళ్లి ఏ తోటనీ తనిఖీ చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా. మీ డిస్ట్రిబ్యూటర్‌కి ఒక్క ఉత్తరం రాయండి: ఈ గ్లౌజు ఏ కర్మాగారంలో తయారైంది, పేరూ ఊరూ చెప్పండి. అక్కడి వలస కార్మికులు ఉద్యోగానికి రుసుము కట్టారా, కడితే తిరిగి ఇచ్చారా? ‘మా సరుకుకు సర్టిఫికెట్ ఉంది’ అని జవాబు వస్తే మళ్లీ అదే ప్రశ్న పంపండి, సర్టిఫికెట్ అడగలేదు కదా. 2016లో ఇంగ్లండ్‌లో ఒక మంచాల కర్మాగారం యజమానికి జైలు శిక్ష పడింది. పెద్ద పెద్ద దుకాణాలకు సరుకు పంపేవాడు. ఆ దుకాణాల తరఫున తనిఖీకి వచ్చినవాళ్లకి అక్కడి వెట్టి కనబడలేదు. రెండు మూడు క్లీనింగ్ కంపెనీలు కలిసి ఒకే ప్రశ్నలు ఒకే వారంలో పంపితే డిస్ట్రిబ్యూటర్ కాస్త కదులుతాడు. చెడు బయటపడగానే ఆర్డరు ఆపేసి చేతులు దులుపుకోకండి. వాళ్లు సరిదిద్దుతామంటే గడువు ఇచ్చి, పనివాళ్లకి డబ్బు తిరిగి చేరేదాకా వెంటపడండి. ఒప్పుకోకపోతే అప్పుడు వదలండి.

చట్టాల మాట క్లుప్తంగా. బ్రిటన్ 2015 చట్టం ప్రకారం ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న సంస్థలు ఏటా ప్రకటన ఇవ్వాలి. బోర్డు ఆమోదించాలి, డైరెక్టర్ సంతకం ఉండాలి, వెబ్‌సైట్ మొదటి పేజీలో లింకు కనబడాలి. విడ్డూరం ఏమిటంటే ‘మేం ఏ చర్యా తీసుకోలేదు’ అని రాసినా ఆ చట్టం ప్రకారం ప్రకటన ఇచ్చినట్టే. ఆస్ట్రేలియా 2018 చట్టానికి గీటు 10 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఫ్రాన్స్ 2017లో, జర్మనీ 2021లో ప్రకటనతో ఆగకుండా చర్యలూ అడిగే చట్టాలు తెచ్చాయి. నిర్బంధ చాకిరీతో తయారైన సరుకును మార్కెట్లోకే రానివ్వని యూరోపియన్ యూనియన్ నియమం 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది. ఇవేవీ మీ సైజు కంపెనీని నేరుగా తాకకపోవచ్చు. మీ క్లయింటుని తాకుతాయి, అందుకే ఆ కాగితం మీ బల్ల మీదికి వచ్చింది.

ఇక ఆ అరపేజీ. మొదటి పేరాలో మీ కంపెనీ ఎంత, ఎంతమంది నేరుగా మీవాళ్లు, ఎంతమంది సప్లయర్ ద్వారా అనేది దాచకుండా రాయండి. రెండో పేరాలో ఈ వారం మీరు నిజంగా చేసినవి: ఖాతాల జాబితా చూశాం, ఇది కనబడింది, ఇలా సరిచేశాం, కాగితాలు వెనక్కి ఇచ్చేశాం. మూడో పేరాలో ఇంకా చెయ్యనివి, తేదీలతో: సప్లయర్ పేరోల్ ఫలానా నెలలోపు, గ్లౌజుల ప్రశ్న ఫలానా నెలలోపు. ఎవరు బాధ్యులో ఒక పేరు. ఏదైనా కనబడితే దాచం, మీకూ చెప్తాం అన్న మాట. ‘మా దగ్గర బానిసత్వం లేదు’ అని మాత్రం రాయకండి. అది ఎవరూ రాయగలిగిన వాక్యం కాదు.

నాలుగో పేరా రాయడానికి మీకు కొంచెం గుండె కావాలి. మీరు ఆ రేటుకి ఎలా దిగారో, ఆ సైట్లో కాంట్రాక్టు గంటలెన్నో, నిజంగా పట్టే గంటలెన్నో రెండు అంకెలూ రాసి, ‘పొడిగింపులో దీన్ని సరిచేద్దాం’ అని అడగండి. సంబంధం చెడుతుందని మీ భాగస్వామి అంటారు, నాతో కూడా అన్నారు. అయినా పంపండి. అది చదివి క్లయింటు నుంచి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎత్తేటప్పుడు రేటు షీటు, స్టాప్‌వాచ్‌తో మీరు రాసుకున్న గంటల కాగితం పక్కనే పెట్టుకుని ఎత్తండి.